డాక్యుమెంటేషన్ ఒకటి చెప్పి, డేటాబేస్ మరొకటి చేస్తుంటే: తేడా ఎక్కడుందో తేల్చే పద్ధతి

రౌండ్ ఫంక్షన్‌కి 2.50 ఇస్తే 3 వస్తుందని అందరూ అనుకుంటారు. బిల్లులో 2 పడుతుంది. మాన్యువల్ తెరిస్తే "దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుంది" అన్న వాక్యం కనబడుతుంది. ఆ వెంటనే టీమ్‌లో ఒకరు డాక్స్ తప్పంటారు, ఇంకొకరు డేటాబేస్‌లో బగ్ ఉందంటారు. ఈ రెండూ నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి కానీ తక్కువ. ఎక్కువసార్లు మనం చదివిన పేజీ వేరు, మన క్వెరీ పిలిచిన ఫంక్షన్ వేరు. ప్రొడక్ట్ వేరు కావచ్చు, వెర్షన్ వేరు కావచ్చు, డేటా టైప్ లేదా సెట్టింగ్ వేరు కావచ్చు. వీటిని ఒక వరుసలో కొట్టేసుకుంటూ వెళ్తే చివరికి మిగిలేదే అసలు బగ్. ఆ వరుసే ఈ మార్గదర్శి.

ఇందులో ఫంక్షన్ల పేర్లన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాం. గ్రూప్ కన్‌క్యాట్, కన్వర్ట్ టీజెడ్ లాంటి రెండు మాటల పేర్లను టైప్ చేసేటప్పుడు మధ్యలో అండర్‌స్కోర్ పెట్టాలి.

1. ముందు నాలుగు వరుసలు రాయండి

ఏ టూల్ తెరవకముందే ఒక నోట్‌ప్యాడ్‌లో ఈ నాలుగూ రాసుకోండి. డాక్యుమెంటేషన్‌లోని వాక్యం, ఉన్నది ఉన్నట్టు. మీరిచ్చిన ఇన్‌పుట్. రావాలనుకున్న జవాబు. వచ్చిన జవాబు.

మొదటి వరుస దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే ఆ వాక్యం వాళ్లు మాన్యువల్లో చదివింది కాదు. అమీర్‌పేటలో ఒరాకిల్ కోర్సు చేసి, నోట్స్ జిరాక్స్ తీయించుకుని, మాదాపూర్‌లో పోస్ట్‌గ్రెస్ అనే వేరే డేటాబేస్ ప్రాజెక్టులో చేరేవాళ్లు మన ఊళ్లో వేలల్లో ఉంటారు. ఆ నోట్స్‌లో తప్పేమీ లేదు, అవి ఒరాకిల్‌కి సరిగ్గానే ఉంటాయి. సబ్‌స్ట్రింగ్‌కి మొదటి స్థానంగా 0 ఇస్తే ఏమవుతుందో చూస్తే సంగతి అర్థమవుతుంది. "హైదరాబాద్" అన్న మాటలో 0 నుంచి 3 క్యారెక్టర్లు అడుగుదాం.

ఒరాకిల్ 0ని 1గా తీసుకుని మూడు క్యారెక్టర్లూ ఇస్తుంది: "హైద". పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ 0, 1, 2 స్థానాలను లెక్కేస్తాయి. 0వ స్థానంలో ఏమీ లేదు కాబట్టి రెండే వస్తాయి: "హై". మైఎస్‌క్యూఎల్ అయితే ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. స్థానం మైనస్ 3 అయితే మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ చివరి నుంచి లెక్కపెడతాయి. పోస్ట్‌గ్రెస్ అలా చేయదు. స్ట్రింగ్ మొదలయ్యే చోటుకంటే ముందునుంచి లెక్కపెడుతుంది, పొడవు చెప్పకపోతే మొత్తం స్ట్రింగ్ తిరిగి ఇస్తుంది. నాలుగు డేటాబేసులూ తమ తమ మాన్యువల్స్ ప్రకారమే నడుచుకుంటున్నాయి.

నల్ (విలువ లేదు అనే గుర్తు) విషయంలో ఈ తేడా ఇంకా ప్రమాదకరం, ఎర్రర్ రాదు కాబట్టి. గ్రేటెస్ట్ ఫంక్షన్‌కి మూడు తేదీలు ఇచ్చి అందులో ఒకటి నల్ అయితే, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ జవాబుగా నల్ ఇస్తాయి. పోస్ట్‌గ్రెస్ నల్‌ని పక్కనపెట్టి మిగిలిన రెంటిలో పెద్దది ఇస్తుంది. కన్‌క్యాట్ కూడా ఇంతే: మైఎస్‌క్యూఎల్‌లో ఒక్క నల్ ఉంటే మొత్తం నల్, పోస్ట్‌గ్రెస్‌లో నల్‌ని వదిలేసి మిగతావి కలుపుతుంది. అదే పోస్ట్‌గ్రెస్‌లో రెండు నిలువు గీతలతో కలిపితే మళ్లీ నల్. ఒరాకిల్ ఖాళీ స్ట్రింగ్‌నే నల్‌గా చూస్తుంది కాబట్టి అక్కడ రాసిన షరతులు వేరేచోట తారుమారవుతాయి.

మొదటి వరుసలోని వాక్యం మీ డేటాబేస్ సొంత మాన్యువల్ నుంచి తెచ్చుకోలేకపోతే ఇక్కడే ఆగి, ముందు ఆ పేజీ వెతకండి.

2. నడుస్తున్న వెర్షన్ ఏది?

టెర్మినల్‌లో క్లయింట్ పేరు కొట్టి వెర్షన్ అడిగితే వచ్చేది క్లయింట్ వెర్షన్. సర్వర్ వెర్షన్ కావాలంటే కనెక్ట్ అయ్యాక క్వెరీగా అడగాలి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండింట్లో సెలెక్ట్ వెర్షన్ ఫంక్షన్, ఎస్‌క్యూలైట్‌లో సెలెక్ట్ ఎస్‌క్యూలైట్ వెర్షన్. జవాబులో మరియాడీబీ అన్న పేరు కనబడితే మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ మూసేసి మరియాడీబీది తెరవండి. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినా ఇప్పుడు దారులు వేరు.

సెర్చ్‌లో పైకి వచ్చే పోస్ట్‌గ్రెస్ పేజీలు సాధారణంగా తాజా వెర్షన్‌వి. పేజీ పైభాగంలో వెర్షన్ నంబర్ల వరుస ఉంటుంది, మీ నంబరు నొక్కి అదే వాక్యం అక్కడ ఉందో లేదో చూడండి. వెర్షన్‌తో నిజంగా మారిన సంగతులు కొన్ని:

- మైఎస్‌క్యూఎల్ 8.0.16కి ముందు చెక్ కన్‌స్ట్రెయింట్ రాస్తే ఎర్రర్ రాదు, కానీ అమలూ కాదు. చదివి వదిలేస్తుంది.
- మైఎస్‌క్యూఎల్ 5.7 వరకు గ్రూప్ బై రాస్తే ఫలితం దానంతటదే వరుసక్రమంలో వచ్చేది. 8.0 నుంచి ఆ హామీ లేదు, ఆర్డర్ బై రాయాల్సిందే.
- పోస్ట్‌గ్రెస్ 10కి ముందు టు డేట్ ఫంక్షన్‌కి జూన్ 40 అని ఇస్తే జూలై 10 అని జవాబిచ్చేది. 10 నుంచి ఎర్రర్ ఇస్తుంది.
- పోస్ట్‌గ్రెస్ 14 నుంచి ఎక్స్‌ట్రాక్ట్ జవాబు టైప్ న్యూమరిక్ (దశాంశాలను కచ్చితంగా దాచేది). అంతకుముందు డబుల్ ప్రిసిషన్ (ఉజ్జాయింపుగా దాచేది). జావా కోడ్‌లో డబుల్ అనుకుని తీసుకున్న చోట అప్‌గ్రేడ్ తర్వాత క్యాస్టింగ్ ఎర్రర్లు వచ్చేది ఇందుకే.

వెర్షన్ అంటే డేటాబేస్ ఒక్కదానిదే కాదు. పోస్ట్‌గ్రెస్ అక్షరక్రమాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీ నుంచి తీసుకుంటే, 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28తో ఆ క్రమమే మారింది. రెడ్‌హ్యాట్ 7 నుంచి 8కి, డెబియన్ 9 నుంచి 10కి మారినవాళ్లకి డేటాబేస్ వెర్షన్ అదే, డాక్స్ అవే, కానీ ఆర్డర్ బై ఫలితం వేరు. అంతకంటే పెద్ద సమస్య, పాత క్రమంలో కట్టిన టెక్స్ట్ ఇండెక్సులు కొత్త క్రమంతో పొసగక, ఉన్న వరుసలు కూడా వెతికితే దొరక్కుండా పోవడం. అలాంటప్పుడు రీఇండెక్స్ చేయడం తప్పదు.

3. మీరు రాసిన ఫంక్షనే నడిచిందా?

ఓఆర్‌ఎమ్ (కోడ్ నుంచి ఎస్‌క్యూఎల్‌ని తానే తయారుచేసే లైబ్రరీ) వాడుతుంటే మీరు రాసిన మెథడ్ పేరుకీ, సర్వర్‌కి చేరిన ఎస్‌క్యూఎల్‌కీ పోలిక ఉండకపోవచ్చు. టెస్ట్ సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్‌కి లాగ్ స్టేట్‌మెంట్ సెట్టింగ్‌ని ఆల్‌గా, మైఎస్‌క్యూఎల్‌కి జనరల్ లాగ్‌ని ఆన్‌గా పెట్టి, చేరిన క్వెరీని కళ్లతో చూడండి. ప్రొడక్షన్‌లో వీటిని ఆన్ చేసి వదిలేయకండి. డిస్క్ నిండుతుంది, కస్టమర్ల వివరాలు లాగ్‌లో పడతాయి.

తర్వాత అదే క్వెరీని సర్వర్‌తో వచ్చే కమాండ్ లైన్ క్లయింట్‌లో నడపండి. డీబీవర్, వర్క్‌బెంచ్ లాంటివి రోజువారీ పనికి మంచివే, సాక్ష్యానికి మాత్రం పనికిరావు. డ్రైవర్ (ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) టైమ్‌స్టాంపుని మీ ల్యాప్‌టాప్ టైమ్‌జోన్‌కి మార్చి చూపించొచ్చు. వర్క్‌బెంచ్ మామూలుగా మీ క్వెరీకి 1000 వరుసల పరిమితి తగిలిస్తుంది. కమాండ్ లైన్‌లో జవాబు సరిగ్గా వచ్చి, టూల్‌లో తప్పుగా వస్తే, మీ వేట డేటాబేస్ బయటికి మారినట్టే.

అదే పేరుతో మీ టీమ్ ఎప్పుడో రాసిన ఫంక్షన్ ఉందేమో కూడా చూడాలి. పోస్ట్‌గ్రెస్ క్లయింట్‌లో బ్యాక్‌స్లాష్ డీఎఫ్, దాని తర్వాత స్టార్, చుక్క, ఫంక్షన్ పేరు ఇస్తే అన్ని స్కీమాల్లో ఆ పేరున్న ఫంక్షన్లన్నీ, ఒక్కొక్కటీ తీసుకునే టైపులతో సహా కనబడతాయి. ఒరాకిల్ నుంచి మారిన ప్రాజెక్టుల్లో పాత కోడ్ ఆడాలని ఒరాకిల్ పేర్లతో రాసిపెట్టిన ఫంక్షన్లు తరచుగా ఉంటాయి.

4. టైప్ చూడండి. ఎక్కువ కేసులు ఇక్కడే తేలతాయి

మొదట్లో చెప్పిన 2.50 సంగతికి వద్దాం. పోస్ట్‌గ్రెస్‌లో రౌండ్ అనే పేరుతో ఉన్నది ఒక్క ఫంక్షన్ కాదు. న్యూమరిక్ తీసుకునేది సరిగ్గా సగం వచ్చినప్పుడు సున్నాకి దూరంగా జరుపుతుంది: 2.5కి 3. డబుల్ ప్రిసిషన్ తీసుకునేది ప్లాట్‌ఫామ్ మీద ఆధారపడుతుంది, ఎక్కువ యంత్రాల్లో దగ్గరి సరిసంఖ్యకి వెళ్తుంది: 2.5కి 2, 3.5కి 4. మాన్యువల్లో ఇది స్పష్టంగానే ఉంది, కానీ చదివేవాళ్లు మొదటి వాక్యం దగ్గరే ఆగుతారు. మైఎస్‌క్యూఎల్ కూడా ఇంతే. 2.5 అని నేరుగా రాస్తే 3. అదే విలువని ఘాతరూపంలో, అంటే 25ఈ-1 అన్న పద్ధతిలో ఇస్తే అది ఉజ్జాయింపు సంఖ్య అవుతుంది, మాన్యువల్లోని ఉదాహరణలోనే 2 వస్తుంది.

ఇది జీఎస్టీ బిల్లింగ్ రాసేవాళ్లకి నేరుగా తగిలే విషయం. కేంద్ర జీఎస్టీ చట్టం సెక్షన్ 170 ప్రకారం పన్ను మొత్తంలో 50 పైసలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పై రూపాయికి పెంచాలి, అంతకంటే తక్కువైతే వదిలేయాలి. ఫ్లోట్, అంటే ఉజ్జాయింపు సంఖ్యల కాలమ్‌లో పన్ను పెట్టుకుని రౌండ్ చేస్తే 2.50, 4.50, 6.50 వంటి ప్రతి మొత్తానికీ ఒక రూపాయి తగ్గుతుంది. 3.50, 5.50 దగ్గర జవాబు సరిగ్గానే వస్తుంది. అందుకే రెండు మూడు బిల్లులతో చేసిన టెస్టింగ్‌లో ఇది దొరకదు.

కాలమ్ న్యూమరిక్ అయినంతమాత్రాన పని అయిపోదు. విలువ కోడ్ నుంచి ప్యారామీటర్‌గా వెళ్తుంటే డ్రైవర్ ఏ టైప్ అని చెబుతోందో చూడాలి. పైథాన్‌లో సైకోపీజీ 2 అనే డ్రైవర్ ఫ్లోట్‌ని క్వెరీలో అంకెలుగానే అతికించి పంపుతుంది, పోస్ట్‌గ్రెస్ ఆ 2.5ని న్యూమరిక్‌గా చదువుతుంది, 3 ఇస్తుంది. సైకోపీజీ 3 అదే ఫ్లోట్‌ని డబుల్ ప్రిసిషన్ అని ముద్రవేసి పంపుతుంది, 2 వస్తుంది. డేటాబేస్ మారలేదు, క్వెరీ మారలేదు, లైబ్రరీ ఒక్కటే మారింది. కోడ్‌లో డెసిమల్ టైప్ వాడటమే దీనికి మందు. కుదరకపోతే క్వెరీలోనే న్యూమరిక్‌కి క్యాస్ట్ చేయండి.

అనుమానం వచ్చిన ప్రతిచోటా పోస్ట్‌గ్రెస్‌లో పీజీ టైప్ఆఫ్ ఫంక్షన్‌ని ఆ విలువ చుట్టూ పెట్టి అడగండి. "రౌండ్, డబుల్ ప్రిసిషన్, ఇంటిజర్ అనే ఫంక్షన్ లేదు" అనే ఎర్రర్ కూడా ఇదే సూచన. దశాంశ స్థానాలు చెప్పే రౌండ్ పోస్ట్‌గ్రెస్‌లో న్యూమరిక్‌కి మాత్రమే ఉంది.

5. సెషన్ సెట్టింగులు, ముఖ్యంగా టైమ్

మైఎస్‌క్యూఎల్‌లో ముందు ఎస్‌క్యూఎల్ మోడ్ విలువ చూడండి. రెండు నిలువు గీతలు అక్కడ మామూలుగా "లేదా" అనే అర్థంలో పనిచేస్తాయి. పైప్స్ యాజ్ కన్‌క్యాట్ మోడ్ ఉంటేనే స్ట్రింగులను కలుపుతాయి. లేకపోతే ఊరి పేరు, పిన్ కోడ్ కలిపిన చోట 0 లేదా 1 వస్తుంది. సున్నాతో భాగించడం మరో ఉదాహరణ. స్ట్రిక్ట్ మోడ్ ఉన్నా సెలెక్ట్‌లో నల్, ఒక వార్నింగ్ వస్తాయి. అదే లెక్క ఇన్‌సర్ట్‌లో రాస్తే ఎర్రర్‌తో ఆగిపోతుంది. అందుకని మీ టెస్ట్ ఎప్పుడూ సెలెక్ట్‌తో ఒకసారి, ఇన్‌సర్ట్‌తో ఒకసారి నడపండి. ప్రతి క్వెరీ వెంటనే షో వార్నింగ్స్ కొట్టండి. అప్లికేషన్లు ఈ వార్నింగ్‌లను చూపించవు, డేటాబేస్ మాత్రం చెప్పాల్సింది అక్కడే చెబుతుంది.

గ్రూప్ కన్‌క్యాట్ సంగతి అక్కడే దొరుకుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో దాని పరిమితి మామూలుగా 1024 బైట్లు, క్యారెక్టర్లు కాదు. తెలుగు క్యారెక్టర్ ఒక్కోటి 3 బైట్లు. "హైదరాబాద్" 27 బైట్లు, కామాతో 28. అంటే 36 పేర్లు పూర్తిగా పడి, 37వది "హైదరా" దగ్గర తెగిపోతుంది. ఇంగ్లిష్ డేటాతో టెస్ట్ చేసినవాళ్లకి ఇది చాలా ఆలస్యంగా కనబడుతుంది. గ్రూప్ కన్‌క్యాట్ మ్యాక్స్ లెన్ సెట్టింగ్‌ని పెంచడమే పరిష్కారం.

ఇక టైమ్‌జోన్. యూటీసీతో (ప్రపంచ ప్రామాణిక సమయంతో) మనది 5 గంటల 30 నిమిషాల తేడా కావడం వల్ల, కింది నాలుగూ హైదరాబాద్‌లో పనిచేసే ప్రతి టీమ్‌కీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతాయి.

పోస్ట్‌గ్రెస్‌లో ఎట్ టైమ్ జోన్ తర్వాత కొటేషన్లలో +05:30 అని రాస్తే మన టైమ్ రాదు. ఆ స్ట్రింగ్‌ని పోస్ట్‌గ్రెస్ పోసిక్స్ (యూనిక్స్ ప్రమాణం) పద్ధతిలో చదువుతుంది, అందులో ప్లస్ అంటే గ్రీనిచ్‌కి పడమర. యూటీసీ ఉదయం 10:00 మనకు మధ్యాహ్నం 3:30 కావాలి, వచ్చేది తెల్లవారుజాము 4:30. సరిగ్గా 11 గంటల తేడా కనబడిందంటే కారణం ఇదే, ఇంకెక్కడా వెతకక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే అదే +05:30ని టైమ్‌స్టాంపు చివర తగిలిస్తే తూర్పుగానే చదువుతుంది. మైఎస్‌క్యూఎల్ కన్వర్ట్ టీజెడ్‌లోనూ తూర్పే. పోస్ట్‌గ్రెస్‌లో ఏషియా/కోల్‌కతా అని పూర్తి పేరే వాడండి.

ఐఎస్‌టీ అన్న పొట్టిపేరు ఇంకో ఉచ్చు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పట్టికలో ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్ టైమ్, యూటీసీకి 2 గంటలు ముందు. తేడా మూడున్నర గంటలు వస్తే దీన్ని అనుమానించండి. టైమ్‌జోన్ అబ్రివియేషన్స్ సెట్టింగ్‌ని ఇండియాగా మారిస్తే మనది అవుతుంది. పోస్ట్‌గ్రెస్ 18లో ఈ ప్రవర్తన మారింది. సెషన్ టైమ్‌జోన్‌లో ఆ పొట్టిపేరు ఉంటే ముందు దాన్నే తీసుకుంటుంది. కాబట్టి 17లో, 18లో ఒకే క్వెరీకి రెండు జవాబులు రావచ్చు, రెండూ తమ తమ డాక్స్ ప్రకారమే.

మైఎస్‌క్యూఎల్ కన్వర్ట్ టీజెడ్‌కి ఏషియా/కోల్‌కతా అని ఇస్తే నల్ వస్తోందా? టైమ్‌జోన్ పట్టికలు లోడ్ కాలేదు. సర్వర్‌తో వచ్చే మైఎస్‌క్యూఎల్ టీజెడ్‌ఇన్‌ఫో టు ఎస్‌క్యూఎల్ అనే ప్రోగ్రామ్‌తో వాటిని ఒకసారి నింపాలి. అంకెలతో +05:30 ఇస్తే మాత్రం పట్టికలు లేకున్నా పనిచేస్తుంది.

నాలుగోది, సర్వర్ ఎక్కడుందన్నది. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. యంత్రాలు ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఈరోజు తేదీ అంటే ఇక్కడి తేదీ అని చాలామంది అనుకుంటారు. దాని డేటాబేస్ సర్వీస్ అయిన ఆర్‌డీఎస్‌లో డిఫాల్ట్ టైమ్‌జోన్ ఏ రీజియన్‌లోనైనా యూటీసీయే. అర్ధరాత్రి 12:00 నుంచి ఉదయం 5:30 దాకా కరెంట్ డేట్ నిన్నటి తేదీ ఇస్తుంది. ఏప్రిల్ 1 తెల్లవారుజామున వచ్చిన ఆర్డర్లు మార్చి 31వి అయిపోయి, గడిచిన ఆర్థిక సంవత్సరం లెక్కల్లో పడతాయి.

నౌ ఫంక్షన్ కూడా ఒకటే పేరుతో రెండు అర్థాలున్నది. పోస్ట్‌గ్రెస్‌లో అది ట్రాన్సాక్షన్ మొదలైన సమయం, ఎంతసేపు నడిచినా మారదు. ఆ క్షణపు సమయం కావాలంటే క్లాక్ టైమ్‌స్టాంప్. మైఎస్‌క్యూఎల్‌లో నౌ ఆ స్టేట్‌మెంట్ మొదలైన సమయం, సిస్‌డేట్ ఆ క్షణానిది.

6. తెలుగు డేటాతో విడిగా పరీక్షించండి

లెంగ్త్ ఫంక్షన్ "పొడవు ఇస్తుంది" అని రాసి ఉంటుంది. దేని పొడవు? "హైదరాబాద్" మన కంటికి ఐదు అక్షరాలు: హై, ద, రా, బా, ద్. యూనికోడ్‌లో తొమ్మిది కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకి ఇచ్చిన నంబర్లు), ఎందుకంటే గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా లెక్క. యూటీఎఫ్-8లో 27 బైట్లు. పోస్ట్‌గ్రెస్ లెంగ్త్ 9 ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ లెంగ్త్ 27 ఇస్తుంది, 9 కావాలంటే క్యార్ లెంగ్త్ వాడాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎన్‌వార్‌క్యార్ కాలమ్‌కి లెన్ 9, డేటాలెంగ్త్ 18. అక్కడ లెన్ చివరి ఖాళీలను లెక్కించదు కూడా. ఏ ఫంక్షనూ 5 ఇవ్వదు. లెఫ్ట్ ఫంక్షన్‌తో ఒక క్యారెక్టర్ అడిగితే "హై" రాదు, "హ" వస్తుంది. ఎస్ఎమ్ఎస్ టెంప్లేట్‌లో పేరుని ఇలా కత్తిరిస్తే మనుషుల పేర్లు పాడవుతాయి. ఈ పని డేటాబేస్‌లో కాక, అక్షరాన్ని అక్షరంగా గుర్తించే లైబ్రరీతో అప్లికేషన్‌లో చేయాలి.

"చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, ఈక్వల్ కాదంటోంది" అనే ఫిర్యాదుకి రెండు కారణాలు చూడండి. ఐత్వం గుర్తుని యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింట్‌గానూ రాయొచ్చు, రెండుగా విడగొట్టీ రాయొచ్చు. విడగొడితే హైదరాబాద్ పొడవు 10, బైట్లు 30 అవుతాయి. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉన్న నార్మలైజ్ ఫంక్షన్‌తో రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ (విడగొట్టిన గుర్తులను కలిపే) రూపంలోకి తెచ్చి పోల్చండి. రెండోది, "హైదరాబాద్‌లో" అని టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పడుతుంది. అందులోంచి ఊరి పేరు కాపీ చేస్తే అది కూడా వెంట వస్తుంది. ట్రిమ్ దాన్ని తీయదు, ట్రిమ్ మామూలుగా తీసేది ఖాళీలనే. రీప్లేస్‌తో విడిగా తీసేయాలి.

మైఎస్‌క్యూఎల్‌లో కొలేషన్ (మాటలను పోల్చే, వరుసపెట్టే నియమం) కూడా గమనించండి. యూటీఎఫ్8ఎంబీ4 జనరల్ సీఐలో చివర ఖాళీ ఉన్నా లేకున్నా రెండు మాటలూ సమానమే. 8.0లో డిఫాల్ట్ అయిన 0900 ఏఐ సీఐలో సమానం కావు.

7. అంచుల మీద చిన్న పట్టిక కట్టండి

ఇంతవరకు వచ్చినా తేడా మిగిలితే, టేబుళ్లు ఏవీ అక్కర్లేని ఒక్క సెలెక్ట్‌కి సమస్యని కుదించండి. ఆ ఫంక్షన్‌కి ఈ విలువలు వరుసగా ఇచ్చి జవాబులు పక్కపక్కన రాయండి: నల్, ఖాళీ స్ట్రింగ్, 0, మైనస్ 1, 0.5, 1.5, 2.5, మైనస్ 2.5, చివర ఖాళీ ఉన్న మాట, తెలుగు మాట, ఎమోజీ, ఫిబ్రవరి 29, డిసెంబరు 31, మార్చి 31. ఖాళీ టేబుల్ మీద సమ్ కూడా అడగండి, 0 కాదు, నల్ వస్తుంది.

ఇలా రాస్తున్నప్పుడే ఫంక్షన్ నియమం తనంతట తానే బయటపడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేట్‌డిఫ్‌కి 2023 డిసెంబరు 31, 2024 జనవరి 1 ఇచ్చి సంవత్సరాల తేడా అడిగితే 1 అంటుంది. గడిచిన కాలాన్ని కాదు, దాటిన సరిహద్దులను లెక్కపెడుతుంది కాబట్టి. మాన్యువల్లోని ఆ ఒక్క మాట ఈ పట్టిక చూశాకే చాలామందికి అర్థమవుతుంది.

తర్వాత డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను విడివిడి పెట్టెల్లో నడిపే టూల్) రెండు వెర్షన్ల కంటైనర్లు పెట్టి అదే పట్టిక రెండింట్లోనూ నడపండి. జవాబు ఎక్కడ మారిందో దొరికితే ఆ మధ్య రిలీజ్ నోట్స్‌లో ఫంక్షన్ పేరు వెతకండి. పోస్ట్‌గ్రెస్ రిలీజ్ నోట్స్‌లో పాత ప్రవర్తనతో పొసగని మార్పులకు మైగ్రేషన్ అని ప్రత్యేక భాగం ఉంటుంది, అక్కడినుంచే మొదలుపెట్టండి.

8. మీ సొంత ఫంక్షన్లు

డాక్స్‌కీ కోడ్‌కీ నిజంగా పొసగని చోటు ఎక్కువగా ఇదే. మాన్యువల్స్‌ని ఎంతోమంది చూస్తారు, మీ ఫంక్షన్ మీది కామెంట్‌ని రాసినవాళ్లు తప్ప ఎవరూ చూడరు. కామెంట్‌ని నమ్మకుండా, పోస్ట్‌గ్రెస్‌లో పీజీ గెట్ ఫంక్షన్‌డెఫ్‌తో, మైఎస్‌క్యూఎల్‌లో షో క్రియేట్ ఫంక్షన్‌తో సర్వర్‌లో ఉన్న అసలు కోడ్ తీయండి. గిట్‌లో ఉన్నదానితో పోల్చండి.

పోస్ట్‌గ్రెస్‌లో ఇమ్యూటబుల్ అన్న ముద్రని ప్రత్యేకంగా చూడాలి. ఒకే ఇన్‌పుట్‌కి ఎప్పటికీ ఒకే జవాబు అని మీరు ఇచ్చే మాట అది. సర్వర్ దాన్ని తనిఖీ చేయదు, నమ్ముతుంది. పన్ను రేటుని టేబుల్ నుంచి చదివే ఫంక్షన్‌కి ఈ ముద్ర వేస్తే ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగం) జవాబుని ముందే లెక్కకట్టి ప్లాన్‌లో పెట్టేసుకోవచ్చు, దాని మీద ఇండెక్స్ కూడా కట్టనిస్తుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినట్టు రేటు మారిన రోజున టేబుల్‌లో కొత్త రేటు, ఇండెక్స్‌లో పాత రేటు ఉండిపోతాయి. టేబుల్ చదివే ఫంక్షన్‌కి స్టేబుల్ సరైన ముద్ర.

9. ఎవరిది తప్పో తేల్చడం, చెప్పడం

అన్నీ దాటుకుని మిగిలింది నిజమైన తేడా. కోడ్ తప్పా, డాక్స్ తప్పా అన్నది ప్రాజెక్టు సొంత టెస్టులు చెబుతాయి. పోస్ట్‌గ్రెస్ సోర్స్‌లో రిగ్రెస్ ఫోల్డర్ కింద ఎక్స్‌పెక్టెడ్ అన్న ఫోల్డర్ ఉంటుంది, మైఎస్‌క్యూఎల్‌కి మైఎస్‌క్యూఎల్ టెస్ట్ అన్న ఫోల్డర్. మీకు వచ్చిన జవాబే అక్కడ సరైన జవాబుగా రాసి ఉంటే, డెవలపర్లు కావాలనే అలా పెట్టారు, మారాల్సింది డాక్స్. ఏమీ లేకపోతే ఆ అంచుని ఎవరూ పరీక్షించలేదు, బగ్ అయ్యే అవకాశం ఎక్కువ.

బగ్ అని రుజువైనా కోడే మారుతుందనుకోకండి. ఎస్‌క్యూలైట్‌లో ప్రైమరీ కీ కాలమ్ చాలా సందర్భాల్లో నల్‌ని ఒప్పుకుంటుంది. తొలి వెర్షన్లలోని బగ్ అది. దిద్దితే అప్పటికే నడుస్తున్న అప్లికేషన్లు ఆగిపోతాయని అలాగే ఉంచి, డాక్యుమెంటేషన్‌లో ఆ మాటే రాశారు. అక్కడ నాట్ నల్ మీరే రాసుకోవాలి.

రిపోర్టులో ఇవి ఉండాలి: సర్వర్ వెర్షన్ పూర్తి వరుస, ఆపరేటింగ్ సిస్టమ్, మార్చిన సెట్టింగులు, కాపీ చేసి నడపగలిగే క్వెరీ, వచ్చిన జవాబు టెక్స్ట్‌గా, మాన్యువల్ పేజీ పేరు, అందులోని వాక్యం, దాని బదులు ఉండాల్సిన వాక్యం. స్క్రీన్‌షాట్లు వద్దు, వాటిలోంచి ఎవరూ క్వెరీ కాపీ చేయలేరు. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్లో ప్రతి పేజీ అడుగున దిద్దుబాట్లు పంపే ఫారం ఉంది. మైఎస్‌క్యూఎల్ బగ్ సైట్‌లో డాక్యుమెంటేషన్‌కి విడిగా కేటగిరీ ఉంది. మేనేజ్డ్ సర్వీస్‌లో, అంటే క్లౌడ్ కంపెనీ నడిపే డేటాబేస్‌లో మాత్రమే వచ్చి, డాకర్ కంటైనర్‌లో రాకపోతే మూల ప్రాజెక్టుకి కాదు, ఆ క్లౌడ్ సపోర్ట్‌కి పంపాలి.

10. అదే తేడా మళ్లీ రాకుండా

ఏడో మెట్టులో కట్టిన పట్టికని పారేయకండి. ప్రతి వరుసనీ ఒక టెస్టుగా రాసి రిపోజిటరీలో పెట్టండి. అవి మీ కోడ్‌ని కాదు, డేటాబేస్ ప్రవర్తననే పరీక్షిస్తాయి. సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులు తానే నడిపే వ్యవస్థలో) ప్రొడక్షన్‌లో ఉన్న వెర్షన్ మీద ఒకసారి, రాబోయే వెర్షన్ మీద ఒకసారి నడపండి. ఇమేజ్ పేరు చివర లేటెస్ట్ అని కాకుండా వెర్షన్ నంబరే ఇవ్వండి. టెస్టుల్లో టైమ్‌జోన్ యూటీసీగా ఒక విడత, ఏషియా/కోల్‌కతాగా ఒక విడత ఉండాలి. టెస్ట్ డేటాలో కనీసం ఒక తెలుగు పేరు, ఒక నల్, 50 పైసలతో ముగిసే మొత్తాలు రెండు, ఒకటి సరిసంఖ్య మీద, ఒకటి బేసిసంఖ్య మీద, తప్పనిసరిగా పెట్టండి. డ్రైవర్ వెర్షన్ పెంచినప్పుడు కూడా ఇవే టెస్టులు నడవాలి.